తలుపు మీద జాజు సున్నా

మా వీధికి సర్వేకి వచ్చే ఆరోగ్య కార్యకర్తలు, నా మనవరాళ్ల ఈడు అమ్మాయిలు, ఎండన పడి వచ్చి మా అరుగు మీద కాసేపు కూర్చుంటారు. "తాతగారూ, మీ రోజుల్లో ఈ సర్వేలన్నీ ఎలా చేసేవాళ్లండీ?" అని అడుగుతారు. నడిచి చేసేవాళ్లం అంటాను. వాళ్లు నవ్వేసి, మంచినీళ్లు తాగి వెళ్లిపోతారు. అసలు చెప్పాల్సింది వేరే ఉంది. అది గ్లాసుడు నీళ్లు తాగేంతసేపట్లో తేలేది కాదు కాబట్టి కాగితం మీద పెడుతున్నాను. ఇందులో నా ఘనకార్యం ఏమీ లేదు. నేను చేసిన ఒక పెద్ద తప్పు ఉంది, ఆ తప్పు నుంచి నన్ను గట్టెక్కించిన ఇద్దరు మనుషులు ఉన్నారు. వాళ్ల పేర్లు రాయను. రాస్తే ఇద్దరూ ఒప్పుకునేవాళ్లు కారు.

నా ఉద్యోగం అరవైల మొదట్లో మలేరియా శాఖలో మొదలైంది. నిజాంపట్నం చుట్టుపక్కల పల్లెపాలేల్లో ఇంటింటికీ దోమల మందు కొట్టించడం నా పని. మందు కొట్టడం అయ్యాక తలుపు మీద జాజుతో, అంటే అరుగుల అంచులకు పూసే ఎర్రమట్టి రంగుతో, ఒక సున్నా చుట్టి లోపల తేదీ వేయాలి. తోటివాళ్ల సున్నాలు దోసకాయల్లా సాగేవి. నాది గుండ్రంగా కుదిరేది. "కంపాసు పెట్టి గీశావా ఏంటయ్యా?" అని మా సూపర్‌వైజరు ఒకసారి అన్నాడు. ఆ ఒక్క మాట నా తలకెక్కింది. కలరా వచ్చిన ఊళ్లలోనూ అదే పద్ధతి. వాంతులు, విరేచనాలు పట్టుకున్న ఇంటి తలుపు మీద సున్నా పడేది. అది చూసి జనం ఆ ఇంటి నీళ్లు ముట్టేవాళ్లు కాదు. కలరాకి అది అవసరమే.

అరవైలు ముగిసేసరికి తెనాలి మునిసిపాలిటీకి హెల్త్ ఇన్‌స్పెక్టరుగా వచ్చాను. అక్కడ మా హెల్త్ ఆఫీసరు బాపట్ల నుంచి వచ్చిన పెద్ద డాక్టరుగారు. ఆరడుగుల మనిషి, గంజి పెట్టిన చొక్కా, గట్టి గొంతు. ఆఫీసు మేడ మెట్లు ఎక్కుతూ మధ్యలో రెండుచోట్ల ఆగేవారు. ఆగినప్పుడల్లా గోడ వంక చూసి బూజు కనిపెట్టి ప్యూనుని కేకలేసేవారు. ఎంత నిఖార్సయిన మనిషి, బూజు కూడా వదలరు అని నేను ముచ్చటపడేవాణ్ణి.

తెనాలిలో బియ్యం మిల్లులున్న వీధులు మీకు తెలియకపోవచ్చు. కొత్త ధాన్యం వచ్చే కాలంలో అక్కడ గాలిలోనే ఊక ఉండేది. ఆరేసిన బట్టల మీద మసి నలుసులు, గిన్నెల మీద తవుడు పొర. మిల్లుల్లో వచ్చే ఊక చౌక కాబట్టి ఇళ్లలో పొయ్యిలు కూడా ఊకతోనే. రేకు డబ్బాలో ఊక దట్టించి, మధ్యలో బొక్క పెట్టి, అడుగు నుంచి అంటిస్తే పూటంతా సన్నగా కాలుతూ ఉంటుంది. పొగ కూడా పూటంతా వస్తుంది. ఆ ఏడు చలికాలంలో మా దవాఖానాకి ఆయాసంతో వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఒకే మిల్లు వీధి వాళ్లని డాక్టరుగారు గమనించారు. "ఉబ్బసం ఎవరెవరికి ఉందో ఇంటింటికీ వెళ్లి రాసుకురా. పొగ ఎక్కడ, ఊక ఎక్కడ అన్నీ చూడు. తర్వాత ఏం చేయాలో ఆలోచిద్దాం" అన్నారు. రాసుకురమ్మన్నారు. అంతే. గుర్తు పెట్టమని ఆయన అనలేదు.

నేను పుస్తకమూ పట్టుకెళ్లాను, జాజు డబ్బా కుంచె కూడా పట్టుకెళ్లాను. అలవాటు.

ఏ ఇంటికెళ్లినా ఒకటే జవాబు. "ఆయాసం గానీ ఉబ్బసం గానీ ఎవరికైనా ఉందా అమ్మా?" అంటే "అబ్బే, లేదండి" అని తలుపు ఓరగా వేసేవాళ్లు. లోపలి నుంచి ఈల వేసినట్టు పిల్లికూతల ఊపిరి వినపడుతూనే ఉండేది. నాకు ఒళ్లు మండేది. నన్నే మోసం చేస్తారా అని, ఆ చప్పుడు వినపడ్డ ప్రతి తలుపు మీదా సున్నా చుట్టేశాను. అలా పది తలుపులు అయ్యాయి.

పదకొండోది వీధి మలుపులో, ఇంటి యజమాని ముందు వాటాలో ఉంటే పక్క వాటాలో అరుగున్న గది. అక్కడ ఒకావిడ ముసలి అత్తగారితో ఉంటూ దిబ్బరొట్టెలు కాల్చి అమ్మేది. వీధంతా ఆవిడని రొట్టెల పిన్నిగారు అనేవాళ్లు. రేపల్లె వైపు పల్లె ఆవిడది. భర్త పోయాక తెనాలి వచ్చి ఆ అరుగు మీదే బతుకు వెళ్లదీస్తోంది. మిల్లుకి వెళ్లే ఆడవాళ్లు, రిక్షావాళ్లు, రైలుకి పోయే గుమాస్తాలు, పొద్దున్నే అందరూ అక్కడే. ఊక పొయ్యి మీద మూకుడు, మూత మీద నిప్పులు, కింద ఎర్రగా కాలి పైన మెత్తగా ఉండే రొట్టె. ఆ వీధి మొత్తం మీద నిజం చెప్పింది ఆవిడ ఒక్కతే.

"ఉందండి బాబూ. పదేళ్ల పైనే అయింది. చలి మొదలైతే పడుకోలేను, గోడకానుకుని కూర్చుంటాను. ఏం చేస్తే తగ్గుద్దో చెబితే చేస్తానండి" అంది. ఎండన తిరుగుతున్నానని మజ్జిగ ఇచ్చింది. మజ్జిగ తాగి, పుస్తకంలో రాసుకుని, ఆవిడ తలుపు మీద ఆ రోజుకల్లా అందమైన సున్నా చుట్టి వచ్చాను.

ఇది జరిగింది సోమవారం. బుధవారం పొద్దున్న ఆవిడ మా ఆఫీసుకి వచ్చింది. మెట్లెక్కి వచ్చి, నా బల్ల అంచు పట్టుకుని, ఊపిరి కుదిరేదాకా ఆగింది.

"మా తలుపు మీద సున్నా ఎందుకు చుట్టారు బాబూ?"

"సర్వే అమ్మా. గవర్నమెంటు పని. దాన్ని చెరపకూడదు" అన్నాను, ఫైల్లోంచి తల ఎత్తకుండా.

"నేను చెరిపానండి. తడిగుడ్డ పెట్టి మూడుసార్లు తుడిచాను. తలుపు మీద పోయింది గానీ జనం కళ్లల్లోంచి పోలా. నిన్న రుబ్బిన పిండి రుబ్బినట్టే ఉంది. ఇవాళ ఒక్కళ్లూ రాలా."

"ఎందుకు రాలేదు?"

"నాకు టీబీ అంట. నా చేతి తిండి తింటే అంటుకుంటదంట. సున్నా చుట్టారంటే అంటురోగమేగా అంటున్నారు. ఇంటాయన ఆదివారం లోపు ఖాళీ చెయ్యమన్నాడండి. ఇంట్లో పసివాళ్లున్నారు, ఆయన్ని మాత్రం ఏమనను? మీరొచ్చి అది కాదని చెప్పండి బాబూ."

నాలుగు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకుంటూ చెప్పింది. నాకు అప్పుడు అర్థమైంది ఏం చేశానో. మిగతా పది ఇళ్లవాళ్లు రాత్రికి రాత్రే సున్నాలు గీకేసి పైన పసుపు పూసేసుకున్నారు. వాళ్లు ఇళ్లలో మనుషులు, వీధితో పనిలేదు. ఈవిడ బతుకంతా వీధి మీదే. అర్థమయ్యాక కూడా నా నోటి నుంచి వచ్చింది ఏంటో తెలుసా? "చూద్దాం లేమ్మా." మా ఆఫీసులో అందరమూ వాడే మాట అది.

"ఆదివారం లోపు చూడండి" అని ఆవిడ మెట్లు దిగింది.

లోపలి గదిలోంచి డాక్టరుగారు అంతా విన్నారు. పిలిచారు. "ఆయాసానికి కలరా గుర్తు పెట్టమని నీకెవరు చెప్పారయ్యా? ఆవిడ ఒక్కతే నిజం చెప్పింది, ఆవిడ ఇల్లే పీకావు" అన్నారు. ఎప్పుడూ అరిచే మనిషి ఆ మాట నెమ్మదిగా అన్నారు. నాకు అరిచినా బాగుండేదనిపించింది.

మలేరియావాడికి తోచేది మలేరియావాడి ఉపాయమే. గురువారం చాటింపు వేయించాను. మునిసిపాలిటీ టముకు వాయించే పెద్దాయన ఇరవై ఏళ్లుగా కలరాకీ మశూచికీ చాటింపు వేసిన మనిషి. దగ్గర కూర్చోబెట్టి మాటలు నేర్పాను. మిల్లు వీధి మధ్యలో నిలబడి టముకు మోగించి చక్కగా అందుకున్నాడు. "ఇందుమూలముగా యావన్మంది ప్రజలకూ తెలియజేయునది ఏమనగా, ఉబ్బసం అనేది అంటురోగం కాదహో! ఎవరూ భయపడవద్దహో!" నేను హాయిగా ఊపిరి పీల్చుకునే లోపల, నోటికి ఇరవై ఏళ్లుగా అలవాటైన ముక్క కూడా తగిలించేశాడు. "నీళ్లు కాచి తాగాలహో! ఇంటి చుట్టూ సున్నం చల్లుకోవాలహో!"

సాయంత్రానికి వీధి పొడుగునా సున్నం చారలు. అన్నిటికన్నా వెడల్పుగా చల్లింది పిన్నిగారి గుమ్మం ముందే. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ రోజు మాత్రం ఇంటికెళ్లి అన్నం కూడా తినలేకపోయాను. మా ఆవిడ ఒంట్లో బాగాలేదేమోనని నుదురు పట్టుకుని చూసింది.

శుక్రవారం సాయంత్రం డాక్టరుగారు పిలిచి, "రేపు ఏడింటికి రొట్టెలావిడ అరుగు దగ్గరికి రా. టిఫిను చేయకుండా రా" అన్నారు.

శనివారం పొద్దున్న, మిల్లు కూత వేసే వేళకి వీధిలో జనం బాగా ఉన్నారు. ఇంటి యజమాని ముందు వాటాలో పేపరు చదువుతున్నాడు. డాక్టరుగారు రిక్షా దిగి తిన్నగా వెళ్లి అరుగు మీద కూర్చున్నారు, సరిగ్గా పొయ్యి పక్కన. పిన్నిగారు గబగబా లేచి నిలబడింది.

"మీరు మా ఇంట తింటారా బాబుగారూ?"

"అందుకే వచ్చామమ్మా. ఇతనికొకటి, నాకొకటి. అల్లప్పచ్చడి కాస్త ఎక్కువ వెయ్యి."

ఆవిడ బుధవారం నుంచీ చల్లారి ఉన్న పొయ్యిని అంటించింది. చెమ్మ పట్టిన ఊక కదా, పొగ దట్టంగా లేచింది. మిల్లు ఆడవాళ్లు ఆగి చూస్తున్నారు. రిక్షావాళ్లు ఆగారు. పెద్ద డాక్టరుగారు ఆ ఇంట్లో తింటున్నారన్న మాట మలుపు దాటి పాకింది. నా ఉపాయం కన్నా ఇది బాగుందే అని నేను రొట్టె తుంచుతున్నాను. అప్పుడు వినపడింది ఆ చప్పుడు. పది ఓరవాకిళ్ల వెనక నేను విన్న చప్పుడే. తల తిప్పి చూస్తే డాక్టరుగారి చేతిలో రొట్టె ముక్క అలాగే ఉంది. మెడ నరాలు ఉబ్బాయి. భుజాలు పైకి లేస్తున్నాయి, ఊపిరి మాత్రం బయటికి రావడం లేదు.

నేను గుడ్లప్పగించి చూస్తున్నాను. ముందు కదిలింది ఆవిడ.

"చూస్తారేంటండీ! ఆ పొయ్యి అవతలికి ఈడ్చండి!" అని నన్ను కసిరింది. డబ్బా పొయ్యిని వీధిలోకి ఈడ్చాను. చేతులు కాలిన సంగతి తర్వాత తెలిసింది. ఆవిడ పీట తెచ్చి ఆయన మోచేతుల కింద పెట్టి ముందుకి వంచి కూర్చోబెట్టింది. చొక్కా పై గుండీలు తీసింది. వెనక నిలబడి వీపు నిమురుతూ, పసివాడితో మాట్లాడినట్టు మాట్లాడింది. "తొందరపడకండి బాబుగారూ. లోపలికి లాక్కోకండి, ముందు బయటికి వదలండి. పెదాలు బిగించి ఊదండి. ఆ, అంతే. ఇంకోసారి. నేనున్నాగా." ఆవిడ గొంతు ఒక్కటే వినపడుతోంది ఆ వీధిలో.

కొద్దిసేపటికి మా దవాఖానా కాంపౌండరు సైకిలు దిగి, పెట్టె తెరిచి అడ్రినలిన్ ఇంజక్షన్ ఇచ్చాడు. పావుగంట గడిచింది. డాక్టరుగారి ముఖంలో రంగు వచ్చింది. కాఫీ అడిగారు. ఆవిడ గ్లాసులోనే తాగి, అప్పుడు యజమాని వైపు తిరిగారు.

"ఏమండీ, పోయినేడు మీ మనవడికి జ్వరం వస్తే మీ మంచం మీద కూర్చుని చూసిందెవరు?"

"మీరేనండి."

"నాకు ఎనిమిదో ఏటి నుంచీ ఈ జబ్బుందండీ. మీ మనవడికి అంటించానా?"

"లేదండి."

"మీకు?"

"అయ్యో, లేదండి."

"ఈ వీధిలో సగం మందికి నేనే టీకాలు వేశాను. ఎవరికంటిందో చేయెత్తండి." ఎవరూ ఎత్తలేదు. "మరి ఈవిడ ఎవరికి అంటించిందని పొమ్మంటున్నారు?"

యజమాని పేపరు మడిచి కాసేపు చేతుల్లో తిప్పాడు. చెడ్డ మనిషి కాదు, భయపడ్డ మనిషి. లేచి వచ్చి, "పిన్నిగారూ, నాకూ ఒక రొట్టె పెట్టండి" అన్నాడు.

"పొయ్యి వీధిలో ఉందండి" అంది ఆవిడ. ముందు ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత వీధంతా నవ్వింది. ఆ నవ్వులో మిల్లు ఆడవాళ్లలో ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నా దగ్గరికి వచ్చింది. "మొన్న మీరడిగితే లేదన్నానండి. మా ఆయనకి ఉందండి. రాసుకోండి" అంది. ఆ వెనకే ఇంకో ఇద్దరు. నా దగ్గర జాజు డబ్బా లేదు, పుస్తకం మాత్రం ఉంది. ఈసారి వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను.

ఆ తర్వాత జరిగిన మంచి అంతా వీధివాళ్లు చేసుకున్నదే. ప్రతి గురువారం మధ్యాహ్నం పిన్నిగారి అరుగు మీద ఆయాసం వాళ్లంతా చేరేవాళ్లు. డాక్టరుగారు మాత్రలు ఎప్పుడు వేసుకోవాలో, ఎప్పుడు ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి పరిగెత్తాలో చెప్పేవారు. ముందుకి వంగి కూర్చుని ఊపిరి వదలడం మాత్రం పిన్నిగారే నేర్పేది. మిల్లులో ఇంజను చూసుకునే డ్రైవరు పాత రేకులు వంచి ఆవిడ పొయ్యికి పొగగొట్టం చేసి, పెరట్లో పెట్టించాడు. అది చూసి మిగతా ఇళ్లవాళ్లూ అడిగి చేయించుకున్నారు. ఊక గది శుభ్రం చేసే రోజు ముందే వీధికి కబురు చెప్పాలనీ, దుమ్ము లేవకుండా నీళ్లు చల్లాలనీ మిల్లు ఓనరుని అడిగింది కూడా మేం కాదు, ఆయన మిల్లులో చెరిగే ఆడవాళ్లే. "మీరు నోటీసు ఇస్తే లాయరు దగ్గరికి పోయేవాణ్ణండీ. మావాళ్లే వచ్చి ఊపిరాడట్లేదని అడిగితే ఏం చెయ్యను?" అని నాతో అన్నాడాయన. ఆయాసం ఆ వీధి వదిలి పోలేదు. రెండేళ్ల తర్వాత ఒక చలికాలంలో ఒక ముసలాయన్ని దక్కించుకోలేకపోయాం. కానీ ఓరవాకిలి వెనక దాక్కుని ఎగపోసేవాళ్లు లేకుండా పోయారు. పిన్నిగారు ఆ అరుగు మీదే మరో పదేళ్లు రొట్టెలు కాల్చింది.

డెబ్భైల చివర నేను రేపల్లెలో పనిచేస్తున్నప్పుడు మా పాత కాంపౌండరు పెళ్లికని వచ్చి మా ఇంట్లో దిగాడు. మాటల్లో ఆ శనివారం సంగతి వచ్చింది. "నీకు తెలియదా? ఆ రోజు ఆరింటికల్లా సిరంజి ఉడికించుకుని సందు మొదట్లో నిలబడమన్నారు. రోజూ పొద్దున్నే వేసుకునే మాత్ర కూడా మానేసి వచ్చారు. నేను వద్దని మొత్తుకున్నా వినలా" అన్నాడు.

ఆ ఆదివారమే రేపల్లెలో రైలెక్కి, తెనాలిలో మారి, బాపట్ల వెళ్లాను. డాక్టరుగారు రిటైరై సొంత ఇంట్లో ఉంటున్నారు. చిక్కిపోయారు. గొంతు మాత్రం అదే. కాఫీలయ్యాక అడిగేశాను.

"సార్, ఆ రోజు మాత్ర వేసుకోకుండా వచ్చారటగా?"

"కాంపౌండరేనా చెప్పింది? వాడి నోట్లో నువ్వుగింజ నానదు."

"ఏమన్నా అయ్యుంటే ఏంటండీ సార్? నేను చేసిన తప్పుకి మీరు..."

"నీ తప్పుకి అని ఎవరు చెప్పారయ్యా?" అన్నారు. తర్వాత మాటకీ మాటకీ మధ్య ఆగుతూ చెప్పారు. "నువ్వు అడగ్గానే ఆవిడ ఉన్నదున్నట్టు చెప్పింది. డాక్టర్ని, నేను దాచుకున్నాను. మెట్ల మీద ఆయాసం వస్తే బూజు చూస్తున్నట్టు నటించేవాణ్ణి. తెలిస్తే వైద్యం చేయించుకోవడానికి నా దగ్గరికి ఎవరొస్తారని భయం. నిజం చెప్పినావిడ ఇల్లు పోతోంది, దాచుకున్న నేను కుర్చీలో కూర్చుని నిన్ను తిడుతున్నాను. ఆ రెండు రాత్రులూ నాకు నిద్ర పట్టలేదు."

"భయం వేయలేదా సార్, ఊపిరి ఆగిపోతుంటే?"

"వేసింది. వేయకపోవడమేంటి? చిన్నప్పుడు మా అమ్మ తర్వాత, ఆయాసం వచ్చినప్పుడు ఇంకో మనిషి వీపు నిమరడం అదే మొదలు. మా ఇంట్లోవాళ్లని కూడా దగ్గరికి రానిచ్చేవాణ్ణి కాదు. నువ్వు ఆ సున్నా చుట్టకపోతే పోయేదాకా దాచుకునేవాణ్ణి. నీకు దణ్ణం పెట్టాలి నేను."

నేను లేచి ఆయన కాళ్లకి దణ్ణం పెట్టాను. వద్దు వద్దని కాళ్లు వెనక్కి తీసుకున్నారు. నేను కళ్లు తుడుచుకుంటుంటే, "ఆ తెనాలి పట్టికలో నువ్వు ఒక పేషంటుని వదిలేశావు. ఇప్పుడన్నా రాసుకో" అన్నారు.

జేబులోంచి పుస్తకం తీశాను. వయసెంతండీ అని అడిగాను. ఎన్నాళ్ల నుంచి ఉందండీ, ఏ కాలంలో ఎక్కువవుతుందండీ, దేనికి తగ్గుతుందండీ అని అడిగాను. అన్నిటికీ ఆయన నిజం చెప్పారు.